చెవుడొచ్చిన రిపీటర్

నాకు కుదురు తక్కువ. కూర్చుని అన్నం తినడం కూడా చేతకాదని మా ఇంట్లో ఎప్పుడూ సాధింపే. పళ్లెం చేత్తో పట్టుకుని వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూ తింటాను. అలాంటిదాన్ని దేవుడు వైర్‌లెస్ సెట్లు బాగుచేసే పనిలో పడేశాడు. అది చాలదన్నట్టు అందులో డ్యూప్లెక్సర్ ట్యూనింగ్ ఒకటి పెట్టాడు. రాడ్డును వెంట్రుకవాసి తిప్పాలి, చెయ్యి తీసెయ్యాలి, తెర మీద గీత కుదుటపడేదాకా చూడాలి, మళ్లీ వెంట్రుకవాసి తిప్పాలి. మూడోసారికే నాకు ఒళ్లు మండుకొస్తుంది.

ముత్తుకూరులో మా కాపురం. పోర్టు పనులకు తిరిగే లారీల్లో, ఓడల్ని లాగే టగ్గుల్లో సెట్లు పాడైతే నన్ను పిలుస్తారు. పుట్టిల్లు మాత్రం సముద్రం ఒడ్డున ఒక పాళెం. మా నాన్న వల వేసినవాడే. అక్కను ఆ పాళెంలోనే ఇచ్చారు, బావకు సొంత ఇంజిన్ పడవ ఉంది. కొన్నేళ్ల కిందట పాళెం పడవల సంఘం వాళ్లు లైసెన్సు తెచ్చుకుని తుఫాను షెల్టర్ మేడ మీద ఒక రిపీటర్ పెట్టించుకున్నారు. బిగించింది నేనే. గది తాళం అక్క దగ్గర ఉంటుంది, షెల్టర్ ఊడ్చి తుడిచేది ఆమే కాబట్టి.

ఆ పెట్టె చేసే పని చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పడవలో ఉండే చేతిసెట్టు మాట అంత దూరం రాదు, వచ్చినా నీరసంగా వస్తుంది. మేడ మీది రిపీటర్ ఆ నీరసపు మాటను వింటూ, వింటూనే దాన్ని గట్టిగా అరిచి అందరికీ చెబుతుంది. వినడమూ అరవడమూ ఒకే యాంటెన్నా మీద, ఒకేసారి. తన అరుపుకు తన చెవే దిబ్బడి పడకుండా మధ్యలో మోకాలెత్తు అల్యూమినియం డబ్బాలు ఆరు ఉంటాయి. మూడు నోటివైపు, మూడు చెవివైపు. ఆ ఆరింటినీ కలిపి డ్యూప్లెక్సర్ అంటాం. ఒక్కో డబ్బా నెత్తిన ఒక రాడ్డు, ఆ రాడ్డు కదలకుండా ఒక లాక్ నట్టు. రాడ్డు లోపలికి ఎంత దిగిందో దాన్నిబట్టి ఆ డబ్బా దేన్ని ఆపుతుందో తేలుతుంది. అందుకే ఆరు రాడ్లు ఆరు ఎత్తుల్లో నిలబడి ఉంటాయి. తెలియనివాళ్లు చూస్తే ఎవరో అశ్రద్ధగా బిగించి పోయారనుకుంటారు.

మొన్న వానల ముందు సంగతి. అల్పపీడనం, పడవలన్నీ వెనక్కి రావాలని ముందురోజే సంఘం వాళ్లు రిపీటర్‌లో చెప్పడం మొదలుపెట్టారు. మర్నాడు పొద్దున నేను టీ గ్లాసుతో వాకిట్లో తిరుగుతుంటే అక్క ఫోన్ చేసింది.

"మే, మీ బావ పలకలా. నిన్న సాయంత్రం పలకలా, ఈ పొద్దున్నా పలకలా."

"మిగతావాళ్లు?"

"అందురూ పలికినారు. ఒడ్డుకు వస్తా ఉండారు. మీ బావ పడవొక్కటే. వంజరం చేపల కోసం బాగా లోపలికి పోయినారు గదా, ముగ్గురు. నువ్వు బిన్నా రా."

బ్యాటరీ మిగలాలని మా వాళ్లు సెట్టు రోజంతా వాడరు. పొద్దున ఐదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి పిలుస్తారు, మిగతా వేళ ఎప్పుడైనా కాసేపు వింటారు. రెండు పిలుపులు తప్పిపోయాయంటే ఒక పగలూ ఒక రాత్రీ మనిషి జాడ లేనట్టే. గాలి సంగతి బావ చెవిన పడిందా లేదా అన్నది ఎవరికీ తెలియదు. పడి ఉంటే పడవ తిప్పి ఉంటాడు. పడకపోతే ఇంకా అక్కడే వల వేసుకుని కూర్చుని ఉంటాడు. నేను టీ గ్లాసు గోడ మీద పెట్టేసి, సంచీ స్కూటర్ ముందు పడేసుకుని బయల్దేరాను.

దారంతా ఎదురుగాలి. షెల్టర్ దగ్గరికి వెళ్లేసరికి సంఘం పెద్ద మెట్ల కింద నిలబడి ఉన్నాడు. వయసులో నాకంటే బాగా పెద్దవాడు, ఒకప్పుడు మా నాన్నతో కలిసి వేటకు పోయినవాడు.

"పెట్టె బానే ఉండాది పాపా. మనం చెప్పేది అన్ని పడవలకూ ఇనపడతా ఉండాది," అన్నాడు.

"అన్నా, అది నేను చూస్తాలే," అని మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. అక్క గదిలో స్పీకర్ పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. చేతిసెట్టొకటి సంఘం పెద్దకిచ్చి ఒడ్డు వెంబడి మొగ దాకా నడుస్తూ మాట్లాడమన్నాను. నది సముద్రంలో కలిసే చోటు అది, మైలు పైన ఉంటుంది. అక్కణ్ణుంచి కూడా ఆయన మాట, వెనక గాలి హోరుతో సహా శుభ్రంగా వచ్చింది. మేడ పైకెక్కి యాంటెన్నా చూశాను. కేబుల్ మొత్తం చేత్తో తడిమాను. నీళ్లు దిగాయేమోనని కనెక్టర్ విప్పి చూశాను, లోపల పొడిగానే ఉంది. కిందికి వచ్చాను, మళ్లీ పైకి పోయాను. ఇలా రెండు గంటలు తగలేశాను.

చివరికి విసుగొచ్చి అనేశాను. "పెట్టెకేం కాలేదక్కా. బావ బ్యాటరీ అయిపోయుంటుంది."

అక్క మొహం వాడిపోయింది. మెల్లిగా అంది. "బ్యాటరీ కాదుమే. పిలిచినాడు. పొద్దున సరిగ్గా ఐదింటికి టక్, టక్, టక్ మంటా వచ్చింది. మాట మొదలయ్యేలోపలే తెగిపోతా వచ్చింది. నిన్న సాయంత్రమూ అంతే."

"ఓరి దేవుడా! ఇది ముందే చెప్పొచ్చు గదా!"

"నువ్వు చెప్పనిస్తే గదా."

సంఘం పెద్దను షెల్టర్ వెనక సందులోకి పంపాను. సెట్టు పవరు బాగా తగ్గించి, యాంటెన్నాను పిడికిట్లో మూసి మాట్లాడమన్నాను, మాట నీరసపడాలని. అంతే, టక్, టక్, టక్. ఇక సందేహం లేదు. నీరసపు మాట వినగానే పెట్టె అరవడానికి నోరు తెరుస్తోంది. తెరవగానే ఆ అరుపుకు దాని చెవి మూసుకుపోతోంది. ఏమీ వినపడక నోరు మూస్తోంది, మూయగానే మళ్లీ వినపడుతోంది. దగ్గరి పడవల మాట గట్టిది కాబట్టి తోసుకుని వచ్చేస్తోంది. దూరాన ఉన్న బావ మాట ఒక్కటే తెగిపోతోంది.

అప్పుడు వంగి డబ్బాల వైపు చూశాను. గోడకు ఆనుకున్న మూడూ నేను వదిలినట్టే ఉన్నాయి. ముందున్న మూడు చెవివైపు డబ్బాల రాడ్లు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు సమానంగా, పూర్తిగా కిందికి దిగి ఉన్నాయి. మూడింటి నిండా పచ్చటి గ్రీజు.

"ఇది ఎవరు చేశారు?"

"నేనే," అంది అక్క. ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది. "ఉప్పుగాలికి తుప్పు పడతా ఉండాయి. తీసి, తుడిచి, పూసి, మళ్లీ గట్టిగా బిగించినా. వెనక వాటికి చెయ్యి దూరలా."

మా పాళెంలో వానలు పట్టేముందు ప్రతి ఇంట్లో జరిగే పనే ఇది. ఇంజిన్ బోల్టులు, కొక్కేలు, గొలుసులు, ఇనుమన్నది ఏది ఉంటే అది విప్పి, గ్రీజు పట్టించి, కదలకుండా బిగిస్తారు. చిన్నప్పుడు నేనూ అక్కా మోచేతుల దాకా గ్రీజుతో ఆ పని చేసినవాళ్లమే. పడవకు అది ప్రాణం. ఆ డబ్బాలకు మాత్రం అదే చెవుడు తెచ్చింది. ఆ ముక్క నెమ్మదిగా చెబితే అయిపోయేది.

నేను నెమ్మదిగా చెప్పలేదు. "నీకు బుద్ధుందా? ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? ఊడ్చుకోమని తాళమిస్తే పెట్టెలో చేతులు పెడతావా?" అని మేడ అదిరేలా అరిచాను. అక్కడితోనైనా ఆగాల్సింది. "ఒక రాత్రీ ఒక పగలూ బావ గొంతు నులిమింది నువ్వేనక్కా! ఆయనకేమన్నా అయితే నీ చేతులారా అయినట్టే!"

అక్క నోరు తెరిచింది, ఏదో అనబోయి ఆగిపోయింది. లేచి వెళ్లి గడప బయట మెట్టు మీద కూర్చుంది.

"అంత మాటెందుకు పాపా," అన్నాడు సంఘం పెద్ద, సందులోంచి మెట్లెక్కి వచ్చి. "ఇప్పుడేం చెయ్యాలో చూడు."

చెయ్యాల్సింది తెలుసు, అదే నా భయం. ఆ మూడు డబ్బాలు విప్పి మళ్లీ ట్యూన్ చెయ్యాలి. అంతసేపూ రిపీటర్ ఆగిపోతుంది. యాంటెన్నాను నేరుగా రిసీవర్‌కు తగిలించి ఐదింటికి బావ మాట వింటే చాలదా అని ఆయన్ని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. "ఐదింటికి దారిలో ఉండే పడవలన్నీ దీంట్లోనే ఒకరినొకరు కనుక్కుంటాయి. గాలి పెరగతా ఉండాది. చెవీ నోరూ రెండూ ఉండాల. ఐదు లోపల చెయ్యగలవా?" అన్నాడు. టైము ఒంటిగంట దాటింది. చేస్తానన్నాను. రిసీవర్‌కు యాంటెన్నా తగిలించి ఆయన్ని స్పీకర్ దగ్గర కూర్చోబెట్టి, పెట్టెను ఆపేశాను. ఆ నిశ్శబ్దంలో ఎక్కడా నిలబడబుద్ధి కాలేదు.

మొదటి డబ్బాను కిటికీ దగ్గరికి తెచ్చి అనలైజర్ తగిలించాను. ఫోన్ అంత ఉంటుంది అది, తెర మీద ఒక గీత గీస్తుంది. ఆ గీతలో ఒకచోట గుంట పడుతుంది. ఆ గుంట సరిగ్గా పెట్టె అరిచే ఫ్రీక్వెన్సీ మీద పడాలి, పడితేనే అరుపు చెవికి చేరకుండా ఆగుతుంది. రాడ్డు పైకి లాగుతూ పోతే గుంట జరుగుతూ వచ్చింది. సరైన చోటికి వచ్చింది. నట్టు బిగించాను. బిగిస్తుంటే గ్రీజుకు జారి రాడ్డు నట్టుతో పాటే తిరిగింది, గుంట పక్కకు పోయింది. మళ్లీ వదులు చేశాను, మళ్లీ తెచ్చాను, మళ్లీ బిగించాను, మళ్లీ పోయింది. నాలుగోసారి పానా నేలకేసి కొట్టాను.

కిందికి దిగి ఇసుకలో గబగబా ఒడ్డు దాకా నడిచాను. నీళ్లు బూడిదరంగులో ఉన్నాయి, అలలు బాగా లేచి విరుగుతున్నాయి. బావ మీద కోపం, అక్క మీద కోపం, ఇంత నీటిమీద మనుషుల్ని పంపి చేతిలో పిడికెడు సెట్టు పెట్టే బతుకు మీద కోపం. అన్నిటికన్నా నా చేతుల మీద కోపం, ఒక్క నట్టు బిగించలేకపోయినందుకు. తిరిగొచ్చి ముందు గ్రీజు వదిలించాలనుకున్నాను. ఆ ఆలోచన మొదట్లోనే రావాలి, రాలేదు.

"అక్కా, పెట్రోలు కావాలి, పాత గుడ్డలు కావాలి," అన్నాను, మొహం చూడకుండా. అక్క లేచి ఇంటికి పరుగెత్తింది. సీసాలో పెట్రోలు, చింపిన నూలు చీర తెచ్చి గడప మీద పెట్టింది. లోపలికి రాలేదు.

మూడు రాడ్లూ బయటికి తీసి, మర గీతల్లో ఇరుక్కున్న గ్రీజంతా గోటితో గీకి తుడిచాను. డబ్బా లోపల రాడ్డును పట్టుకునే సన్నటి రేకులుంటాయి, వాటినీ ఒక్కొక్కటిగా తుడిచాను. దానికే గంట పట్టింది. మూడున్నరకు మళ్లీ మొదలుపెట్టాను. ఒక పానాతో రాడ్డు కదలకుండా పట్టుకోవాలి, ఇంకోదాంతో నట్టు బిగించాలి, గుంట మీద నుంచి కన్ను తియ్యకూడదు. ఒక్కదాని వల్ల కాలేదు.

"అక్కా, రా. ఈ నట్టు నువ్వు పట్టు. నేను చెప్పినప్పుడు రవ్వంత తిప్పు."

"నేను ముట్టుకోనులేమే. అన్నను పిలుచుకో," అంది గడప అవతల నుంచి. కోపంగా అనలేదు. మామూలుగా అంది. బతిమాలే టైము లేదు, ఐదు తరుముకొస్తోంది. సంఘం పెద్దను పిలిచాను. ఆయన చేతులు వల లాగి లాగి బండబారినవి, అయినా నట్టు ఎంత తిప్పమంటే అంతే తిప్పేవాడు.

"ఇంక కొంచెం. ఆపు. చెయ్యి తియ్యి. గమ్మునుండు."

"నేను గమ్మునే ఉండాను పాపా. నువ్వే కాలు ఆడిస్తా ఉండావు, బల్ల కదలతా ఉండాది."

నిజమే. నా కాలే. రెండు కాళ్లూ ఒకదానితో ఒకటి మెలేసుకుని కూర్చున్నాను. మొదటి డబ్బా నిలిచింది. రెండోదీ నిలిచింది. మూడోది బిగించాక మళ్లీ కాస్త జరిగింది. పోనీలే అనుకోవడానికి మనసు ఎంత లాగిందో చెప్పలేను. వదులు చేయించి మళ్లీ తెచ్చాను. నాలుగూ ముప్పావు అయ్యేసరికి మూడూ కలిపి చూస్తే గుంట నిటారుగా, లోతుగా, ఉండాల్సిన చోట ఉంది. కేబుళ్లన్నీ బిగించి పెట్టెకు కరెంటు ఇచ్చాను. ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ.

ఐదయింది. పడవలు ఒక్కొక్కటే పలికాయి. ఒకరు మొగ దగ్గర ఉన్నామన్నారు, ఒకరు లంగరు వేశామన్నారు, ఒకరు ఇంజిన్ వేడెక్కుతోంది, పక్కన ఎవరన్నా ఉండండి అన్నారు, ఇంకొకరు మేం ఉండాంలే అన్నారు. తరవాత ఎవరూ మాట్లాడలేదు. ఐదు నిమిషాలు గడిచాయి. నేను గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతున్నాను. సంఘం పెద్ద తల వంచుకుని కూర్చున్నాడు. అక్క గడప దాటి లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. పది నిమిషాలయింది.

"ఒడ్డు... ఒడ్డు... ఎవురైనా ఉండారా?"

నీరసంగా, గాలి హోరు వెనక నుంచి. తెగలేదు. మాట మాటంతా వచ్చింది. నేను మైకు మీద పడ్డాను.

"బావా! ఇనపడతా ఉండావు బావా!"

"ఏం మరదలా, నిన్నట్నించి గొంతు పోయేదాకా అరిస్తే ఇప్పుడా పలికేది? గాలి మాట నిన్ననే ఇన్నాం. రేతిరి నుంచి ఒడ్డు మొహానే వస్తా ఉండాం. చీకటి పడేలోపల మొగ దాటతాం. ముగ్గురం బానే ఉండాం."

సంఘం పెద్ద కళ్లు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాడు. నేను కుర్చీలో కూలబడ్డాను.

"మీ అక్క యాడ? బెంగ పెట్టుకోనుంటాది. మైకియ్యి," అన్నాడు బావ.

మైకు అక్క వైపు చాచాను. అక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు, చేతులు మాత్రం ముందుకు రాలేదు. నేనే లేచి వెళ్లి బటన్ నొక్కి పట్టుకుని మైకు ఆమె నోటి దగ్గర పెట్టాను.

"నేనే చెడగొట్టినా," అంది అక్క. పడవలన్నీ వింటున్నాయని తెలిసే అంది. "డబ్బాలకు గ్రీజు పూసి, బోల్టులు దించి బిగించినా. నా వల్లే నీ మాట ఒడ్డుకు రాలా."

బటన్ వదిలాను. 

"నువ్వేం జేస్తావే పిచ్చిదానా," అన్నాడు బావ. "పుయ్యమనింది నేను గదా. పొయ్యేనాడు నేను గదా చెప్పింది, ఎగుడుదిగుడుగా ఉండాయి, తీసి గ్రీజు పెట్టి అన్నీ ఒకే ఎత్తుకు దించి బిగించు అని."

నేను మైకు బల్ల మీద పెట్టి అక్క వైపు తిరిగాను. "ఆ మాట నాతో ఎందుకు చెప్పలేదు?"

"నీళ్ల మీద ఉండే మనిషి మీద ఎట్ట చెప్పేది మే?"

మా పాళెంలో అంతే. మగవాడు సముద్రం మీద ఉన్నంతసేపూ ఇంట్లో ఆడది అతని తప్పు నోటితో అనదు. ఒడ్డున కాలు పెట్టాక తిట్టాల్సినంతా తిడుతుంది, అది వేరే సంగతి. మా అమ్మ అలా రోజుల తరబడి పళ్లు బిగబట్టుకుని ఉండడం నేను కళ్లారా చూశాను. ముత్తుకూరు పోయి, సెట్లూ డబ్బాలూ నేర్చుకుని, అది మరిచిపోయాను. అక్క నా తిట్లన్నీ తనమీదే వేసుకుని సాయంత్రం దాకా ఆ మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, తప్పయిపోయింది," అన్నాను. సంఘం పెద్ద ఉన్నాడని కూడా చూడకుండా ఆమెను పట్టుకుని ఏడ్చాను.

"సాల్లే, ఊరుకో మే," అంది అక్క, నా వీపు మీద చెయ్యి వేసి. "ఆ మనిషి కాలు ఒడ్డున పడనీ. అప్పుడు చెబతా ఆయన పని."